ఏ పలక చేతికిస్తారు?
బహుళ ప్రజ్ఞా సిద్ధాంతం, మన తరగతి గది: ఒక విమర్శ

తెలివి ఒక్కటే కాదు, పలు రకాలు. ప్రతి పిల్లకీ, ప్రతి పిలగాడికీ ఏదో ఒక రకం తెలివి ఉండే ఉంటుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హోవర్డ్ గార్డనర్ 1983లో ప్రతిపాదించిన ఈ మాట ఇవాళ మన బి.ఇడి. పుస్తకాల్లోకి, టెట్ గైడ్లలోకి, ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లోకి చేరిపోయింది. డీఎస్సీకి చదివేవాళ్ళలో ఎవర్నడిగినా ఎనిమిది ప్రజ్ఞల పేర్లూ వరసపెట్టి అప్పజెబుతారు. వినడానికి ఈ మాట మనవైపు నిలబడ్డట్టే ఉంటుంది. తరతరాలుగా మొద్దులనీ, మట్టిబుర్రలనీ అనిపించుకున్నవాళ్ళం. 'మీకూ తెలివి ఉంది' అని పడమటి దేశపు పండితుడు చెబితే ఎవరికి చేదు? అయితే ఈ మాట పుస్తకంలోంచి బడిలోకి, బడిలోంచి మా వాడ పిల్లల దాకా వచ్చేసరికి ఏమవుతున్నదో చూడకుండా చప్పట్లు కొట్టడానికి మేం సిద్ధంగా లేం. కులాన్ని లెక్కలోకి తీసుకోకుండా తరగతి గదిలో ఈ సిద్ధాంతాన్ని అమలుచేస్తే అది కులవృత్తికి కొత్త సర్టిఫికెట్టు అవుతుంది. మా వాదన ఇదే.

ముందు గార్డనర్‌కి దక్కాల్సింది దక్కనిద్దాం. ఆయన ఎవరితో తలపడ్డాడో తెలిస్తేనే ఆయన చెప్పినదాని విలువ తెలుస్తుంది. 1905లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే తయారుచేసిన పరీక్ష ఉద్దేశం ఒకటే: బడిలో ఎక్కువ సాయం కావలసిన పిల్లలెవరో కనిపెట్టడం. అదే పరీక్ష అట్లాంటిక్ దాటి అమెరికా చేరేసరికి పుట్టుకతో వచ్చే తెలివిని కొలిచే తూకంరాయిగా మారింది. 1916లో టెర్మన్ దాన్ని తిరగరాశాడు. 1923లో కార్ల్ బ్రిగమ్ సైన్యంలో జరిపిన పరీక్షల లెక్కలు చూపించి ఉత్తర ఐరోపా జాతులే మేలైనవని పుస్తకం రాశాడు. 1930లో ఆయనే తన నిర్ధారణలు నిలబడవని ఒప్పుకున్నాడు. మన దేశమూ ఇందుకు తీసిపోలేదు. లాహోరులో పనిచేసిన సి. హెర్బర్ట్ రైస్ 1929లో బినే పరీక్షను హిందుస్తానీలోకి తెచ్చాడు. పంజాబులోని కొన్ని కులాల తెలివిని పోల్చి చూడడం కూడా అందులో భాగమని ఆ పుస్తకం పేరులోనే ఉంది. అంటే ప్రజ్ఞాలబ్ధి అనే కొలబద్ద ఈ నేలమీద కాలు పెట్టిన తొలినాళ్ళలోనే కులం గుమ్మం తొక్కింది. మనువు శాస్త్రం చెప్పినదాన్ని అంకెలు చెబుతాయా అని చూసింది.

ఇటువంటి ఒంటి కొలబద్దను గార్డనర్ విరగ్గొట్టాడు. 'ఫ్రేమ్స్ ఆఫ్ మైండ్' పుస్తకంలో ఏడు ప్రజ్ఞలు చెప్పాడు: భాషా ప్రజ్ఞ, తార్కిక గణిత ప్రజ్ఞ, సంగీత ప్రజ్ఞ, ప్రాదేశిక ప్రజ్ఞ, దేహ చలన ప్రజ్ఞ, ఇంకా ఎదుటివాళ్ళని అర్థం చేసుకునే వ్యక్త్యంతర ప్రజ్ఞ, తన్ను తాను అర్థం చేసుకునే వ్యక్త్యంతర్గత ప్రజ్ఞ. తర్వాత 1990లలో ప్రకృతి ప్రజ్ఞని చేర్చి ఎనిమిది చేశాడు. ఆ పుస్తకం మొదట్లోనే పసిఫిక్ మహాసముద్రంలోని పులువాట్ దీవికి చెందిన పన్నెండేళ్ళ పిల్లవాడు కనబడతాడు. నక్షత్రాల్నీ అలల్నీ చూసి పడవ నడిపే విద్య నేర్చుకోడానికి పెద్దలు ఎంచుకున్న పిల్లవాడు. వీడికి తెలివి లేదని ఏ కాగితం పరీక్ష చెప్పగలదు అన్నట్టుంటుంది గార్డనర్ ప్రశ్న. బాగుంది. ఆ పిల్లవాణ్ణి పెద్దలు ఎంచుకున్నారు. మా దగ్గర ఎంచేది పెద్దలు కాదు, పుట్టుక. ఈ ఒక్క తేడా ఎంత దూరం పోతుందో గార్డనర్‌కి తెలిసే అవకాశం లేదు. మన విద్యాశాస్త్ర పండితులకి ఆ అవకాశం ఉంది. వాళ్ళు చూడలేదు.

మనస్తత్వ శాస్త్రంలోనే ఈ సిద్ధాంతానికి ఎదురుమాట బలంగా ఉంది. ఎనిమిదీ దేనికది విడివిడిగా పనిచేస్తాయనడానికి ప్రయోగాల సాక్ష్యం చాలదని 2006లో లిన్ వాటర్‌హౌస్ గట్టిగా రాసింది. ప్రజ్ఞ అనకుండా 'నైపుణ్యాలు' అని పేరు పెట్టి ఉంటే ఇంత గుర్తింపు వచ్చేది కాదని గార్డనరే చెప్పుకున్నాడు. ఈ తగువు వాళ్ళు వాళ్ళు తేల్చుకుంటారు. శాస్త్రంగా నిలబడినా నిలబడకపోయినా మన బడుల్లో అది చేస్తున్న పని మాత్రం ఆగలేదు. మాకు కావలసింది ఆ పని సంగతి.

పరిశోధన పనిమీద మేం తిరిగిన బళ్ళలో ఒక ఉన్నత పాఠశాల. ఊరు పేరు అక్కర్లేదు. ఎనిమిదో తరగతి గోడమీద పెద్ద పువ్వు బొమ్మ. ఎనిమిది రెక్కలు, రెక్కకొక ప్రజ్ఞ, ప్రతి రెక్కలో పిల్లల పేర్లు. శిక్షణకు పోయొచ్చిన సారు ఎంతో ఇష్టంగా చేయించిన చార్టు అది. ఊళ్ళో చేతిలో డబ్బాడేవాళ్ళ పిల్లలు ఎప్పుడో ప్రైవేటు బడి బస్సెక్కేశారు. మిగిలినవాళ్ళ పేర్లే అవి. అయినా చదువుతూ పోతే ఊరి పటం చదివినట్టే ఉంది. భాష, గణితం రెక్కల్లో కొట్టున్న ఇంటి పిల్లలు, అంగన్‌వాడీ టీచరు కూతురు, ఊరి మధ్య ఇళ్ళవాళ్ళు. దేహ చలన రెక్కలో దాదాపు అంతా మాల మాదిగ వాడల పిలగాళ్ళు. ప్రకృతి రెక్కలో గొర్లు కాసే ఇళ్ళ పిల్లలు. సంగీతం రెక్కలో ఒకే ఒక్క పేరు, డప్పు కొట్టే ఇంటి పిలగాడిది. ఆడపిల్లల పేర్లు ఎక్కువగా వ్యక్త్యంతర రెక్కలో. వాళ్ళు అందరితోనూ సర్దుకుపోతారట!

ఆ సారు చెడ్డవాడు కాదు. ఈ మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే మన విమర్శ తరచుగా చెడ్డ అయ్యవార్ల కథలు చెప్పి ఆగిపోతుంది. పిల్లల్ని కొట్టడు, పేరు పెట్టి పిలుస్తాడు, అన్నం దగ్గర వేరే వరస పెట్టడు. డప్పు ఇంటి పిలగాడి గురించి ఎంతో మురిపెంగా చెప్పాడు: "వాడికి లెక్కలు రావుగానీ సార్, డప్పు చేతికిచ్చి చూడండి." చూశాం. నిజమే, వాడి చేతిలో సిర్ర, చిటికెన పుల్ల రెండూ మాట్లాడాయి. తర్వాత రెండో తరగతి తెలుగు వాచకం చేతికిచ్చాం. వాడు కూడబలుక్కుంటూ మొదటి పేరా కూడా దాటలేకపోయాడు. ఎనిమిదేళ్ళుగా బడికొస్తున్న పిలగాడికి చదవడం రాలేదంటే అది బడి సిగ్గుపడాల్సిన సంగతి. ఆ సిగ్గుని పువ్వు రెక్క కప్పేసింది. 'వాడి తెలివి వేరే రకం' అన్న మాటతో బడి బాకీ చెల్లిపోయింది. వెనకటి అయ్యవారు 'నీకు చదువెందుకురా' అని వెళ్ళగొట్టేవాడు. ఇప్పటి బడి భుజం తట్టి, మెచ్చుకుని, అదే చోట కూర్చోబెడుతోంది.

రాయలసీమలో డప్పుని పలక అని కూడా అంటారు. అక్షరాలు దిద్దే పలకా, దండోరా వేసే పలకా ఒకే మాట. బడి మా పిల్లల చేతికి ఏ పలక ఇస్తోంది? మాలో చాలామందిమి మా ఇళ్ళల్లో మొట్టమొదట బడి గడప తొక్కినవాళ్ళం. డప్పు నేర్చుకోమని అమ్మా నాయినా మమ్మల్ని బడికి పంపలేదు. డప్పు ఇంట్లో చూరుకే వేలాడుతుండేది. ఇంట్లో లేనిది బడిలో దొరుకుతుందని పంపారు.

ఇదే సిద్ధాంతం నగరాల్లో పెద్ద ఫీజుల బడుల్లోనూ ఉంది. అక్కడి తీరు వేరు. గణితం మీద పియానో, ఇంగ్లీషు మీద ఈత, సైన్సు మీద రోబోటిక్సు. 'మీవాడిది దేహ ప్రజ్ఞ, వాడికి లెక్కలు అక్కర్లేదు' అని అక్కడ ఏ టీచరూ అనదు, అంటే తల్లిదండ్రులు మర్నాడే వేరే బడి చూసుకుంటారు. వాళ్ళ పిల్లలకు ఎనిమిదీ ఇస్తారు. మా పిల్లలకు రెండు తీసేసి తక్కిన ఆరింట్లో ఒకటి ఇస్తారు. వాళ్ళకి కూడిక, మాకు తీసివేత. తీసేసిన ఆ రెండే పరీక్షకీ ఉద్యోగానికీ కోర్టు కాగితానికీ పనికొచ్చేవి. అన్ని ప్రజ్ఞలూ సమానమేనని గార్డనర్ చెప్పవచ్చు. గ్రూప్ వన్ ప్రశ్నపత్రం ఆ మాట ఒప్పుకోదు.

ఇంకొక లోతైన తగువుంది. పనిని ఇట్లా రెక్కలుగా చీల్చడమే తప్పు అని మా అభిప్రాయం. తోలు పనిని తీసుకోండి. పచ్చి తోలు గంటల్లో కుళ్ళడం మొదలవుతుంది. సున్నపు నీళ్ళలో ఎంతసేపు నానితే వెంట్రుక ఊడుతుందో, ఇంకెంతసేపుంటే తోలే చెడిపోతుందో తెలియాలి. తంగేడు చెక్క, కరక్కాయ ఎంత పాళ్ళలో వేయాలో, ఎండాకాలం లంద ఒకలా, వానాకాలం లంద ఒకలా ఎందుకు పనిచేస్తుందో తెలియాలి. ఇది రసాయన శాస్త్రమా, దేహ చలనమా? చెప్పు కోసేటప్పుడు ఉన్న తోలులో వృథా లేకుండా ఎన్ని జతలు వస్తాయో కంటితోనే లెక్కగట్టే మా తాతది గణితమా, ప్రాదేశికమా? డప్పు మంటమీద కాచి, వేలితో తట్టి, శ్రుతి ఎక్కిందో లేదో చెవితో పోల్చుకోవడం సంగీతమా, భౌతిక శాస్త్రమా? పని చేసేవాడి దగ్గర ఇవన్నీ ఒకే ముద్దగా ఉంటాయి. చేయి వేరు, బుర్ర వేరు అని చీల్చింది బ్రాహ్మణీయ జ్ఞానం. చదువుకునేవాడు పని చేయడు, పని చేసేవాడికి చదువు లేదు అన్న ఏర్పాటు అది. కులం శ్రమని విభజించడంతో ఆగకుండా శ్రమించేవాళ్ళనే విభజించి ఒకరి మీద ఒకర్ని నిలబెట్టిందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పాడు. లంద దగ్గర కూర్చున్నవాడికి 'దేహ ప్రజ్ఞ' అని బిరుదిస్తే ఆ చీలికకి శాస్త్రం ముద్ర పడుతుంది. దేహం వాడిది, బుర్ర ఇంకెవరిదో.

ఇట్లాంటిది జరుగుతుందని గార్డనర్ కూడా ఒకసారి చూశాడు. 1990ల తొలినాళ్ళలో ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రం ఆయన సిద్ధాంతం పేరు చెప్పి విద్యా కార్యక్రమం తయారుచేసింది. అందులో ఏ జాతివాళ్ళకి ఏ ప్రజ్ఞ ఉంటుందో, ఏది ఉండదో పట్టిక ఇచ్చారు. సంగతి తెలిసి గార్డనర్ టెలివిజన్‌లో కూర్చుని ఇది శాస్త్రం కాదు, బూటకం అని ఖండించాడు. ఆ కార్యక్రమం రద్దయింది. మన దగ్గర అట్లా పట్టిక అచ్చువేసే తెలివితక్కువ పని ఎవరూ చేయరు. మనకు అచ్చు పట్టిక అవసరం లేదు. ఊళ్ళో ప్రతివాళ్ళ తలలోనూ అది ఉంది. సారు పిల్లల పేర్లు రాస్తుంటే ఆ పట్టికే చేయి పట్టి రాయిస్తుంది.

గార్డనర్ మీద మాకున్న ఒక ఫిర్యాదు ఇక్కడే చెప్పాలి. 1993లో ఆయన 'క్రియేటింగ్ మైండ్స్' అని మరో పుస్తకం రాశాడు. ఒక్కో ప్రజ్ఞకి ఒక్కో మహానుభావుణ్ణి తీసుకుని ఏడుగురి జీవితాలు పరిశీలించాడు. తార్కిక గణితానికి ఐన్‌స్టీన్, సంగీతానికి స్ట్రావిన్‌స్కీ. ఎదుటివాళ్ళని అర్థం చేసుకునే ప్రజ్ఞకి ఎవరనుకున్నారు? గాంధీ. 1932లో యెరవాడ జైల్లో నిరాహారదీక్షకి కూర్చుని అంటరానివాళ్ళ ప్రత్యేక నియోజకవర్గాలను వెనక్కి తీసుకునేలా చేసిన గాంధీ ఎవరి మనసు అర్థం చేసుకున్నాడో మేం విడమరచి చెప్పక్కర్లేదు. 'కుల నిర్మూలన'కి జవాబు రాస్తూ 1936లోనే ఆయన, తాత తండ్రుల వృత్తి చేసుకుని బతకడమే వర్ణధర్మం అన్నాడు. మరుసటేడు వార్ధాలో చేతివృత్తి చుట్టూ చదువు నడపాలన్న ప్రాథమిక విద్యా పథకం ముందుకు తెచ్చాడు. బడిలో అందరూ చేతిపని చేయాలన్న ఆలోచనని మేం కొట్టిపారెయ్యం. బ్రాహ్మణ పిలగాడు నూలు వడికితే మంచిదే. కానీ వృత్తి పుట్టుకని బట్టే రావాలన్న మనిషి నోట 'వృత్తి విద్య' అన్న మాట వినబడితే మా చెవులకి వేరే అర్థం తోస్తుంది.

అది ఉత్త అనుమానం కాదని 1953లో తేలింది. మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ప్రాథమిక బడి సమయాన్ని మూడు గంటలకు కుదించి, మిగతా పొద్దు పిల్లలు ఇంటిదగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నాడు. ఆ పథకం మొదలైన నాటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆ ఏడే అక్టోబరు 1న విడిపోయాయి. పెరియార్, ద్రావిడ ఉద్యమం దానికి 'కులవిద్యా పథకం' అని పేరు పెట్టి వీధికెక్కాయి. 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ వచ్చి పథకాన్ని ఎత్తేశాడు. ఇప్పుడు 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు సంచి లేకుండా వెళ్ళి వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల వంటివాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలంటోంది. పది రోజుల కోసం గొడవ పడేంత అల్పులం కాము. ఒక్కటే అడుగుతాం. ఏ ఇంటి పిల్లల్ని ఏ పని దగ్గరికి పంపాలో ఎవరు, దేన్నిబట్టి తేలుస్తారు? గోడమీది పువ్వుని బట్టేనా? ఆ పనుల జాబితాలో తోలు పని పేరు కనబడదని కూడా గమనించండి. రెడ్డిగారి అబ్బాయి పది రోజులు లంద దగ్గర కూర్చునే రోజు వస్తే అప్పుడు ఈ విధానం గురించి వేరే వ్యాసం రాస్తాం.

ప్రజ్ఞ పిల్లవాడి లోపల ఎక్కడో ముడివేసి పెట్టిన మూట అన్న ఊహ మీదే ఈ పువ్వు బొమ్మలన్నీ నిలబడ్డాయి. ఆ ఊహని దెబ్బతీసే ప్రయోగం ఒకటి మన దేశంలోనే జరిగింది. మన ఉపాధ్యాయ శిక్షణల్లో దాని ఊసే వినబడదు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల్ని తీసుకున్నారు. అగ్రకులాల వాళ్ళు 321 మంది, కింది కులాల వాళ్ళు 321 మంది. అందరికీ దారి వెతికే చిక్కుబొమ్మలు ఇచ్చి, ఎన్ని విప్పితే అన్ని డబ్బులన్నారు. ఎవరిదే కులమో బయటపెట్టనప్పుడు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆట మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివి వినిపించినప్పుడు మాత్రం కింది కులాల పిల్లలు విప్పిన చిక్కుల సంఖ్య బాగా పడిపోయింది. ప్రపంచ బ్యాంకు పత్రంగా 2004లో వచ్చిన ఈ అధ్యయనం అప్పట్లో పత్రికల్లోనూ చర్చకొచ్చింది. చిక్కుబొమ్మలో దారి వెతకడం గార్డనర్ లెక్కలో ప్రాదేశిక ప్రజ్ఞ కిందికొస్తుంది. అయితే ఆ పిల్లల ప్రాదేశిక ప్రజ్ఞ ఎక్కడికి పోయింది? కులం పేరు గాలిలోకి రాగానే ఎగిరిపోయిందా? మన బడిలో కులం గట్టిగా చదవక్కర్లేదు. స్కాలర్‌షిప్పు ఫారాలు పంచే రోజు, హాజరు పట్టీలో పేరు పక్కన గడి, మంచినీళ్ళ కుండ దగ్గర చూపు, అన్నీ చదువుతూనే ఉంటాయి. అట్లాంటి గదిలో కూర్చోబెట్టి తెలివి కొలిచి, వచ్చినదాన్ని పిల్లవాడి స్వభావం అని రెక్కలో రాస్తున్నారు.

మా వాళ్ళలోనే కొందరు మాతో విభేదిస్తారు. శ్రమ సంస్కృతిని, ఉత్పత్తి కులాల జ్ఞానాన్ని గౌరవించాలని అడిగేది మనమే కదా, కంచ ఐలయ్య పిల్లల కోసం కుమ్మరి, మాదిగ, చాకలి పనుల్లోని శాస్త్రం గురించి 2007లో పుస్తకమే రాశారు కదా, ఇప్పుడు డప్పుని బడి మెచ్చుకుంటుంటే మీకేం బాధ అని వారి ప్రశ్న. మంచి ప్రశ్న. ఆ పుస్తకం తోలు పనిలోని శాస్త్రాన్ని అందరి పిల్లల ముందూ పాఠంగా పెడుతుంది. బ్రాహ్మణ పిల్ల కూడా చదివి తీరాల్సిన పాఠం. గోడమీది పువ్వు చేసేది దానికి పూర్తిగా తిరగబడిన పని. పనిలోని జ్ఞానాన్ని పాఠం చెయ్యదు, పని చేసేవాడి కొడుకుని ఆ పనికి కట్టేస్తుంది. మన జ్ఞానాన్ని సిలబస్‌లోకి తీసుకోండి, మన పిల్లల్ని తిరిగి లందలోకి తోయకండి. ఈ రెంటికీ తేడా తెలియని గౌరవం మనకొద్దు.

అట్లాగని ఈ సిద్ధాంతాన్ని పూర్తిగా పారేయమని మేం చెప్పడం లేదు. ఇది పిల్లల్ని వేరుచేసే జల్లెడ కాదని, ఒకే పాఠంలోకి పలు వాకిళ్ళు తెరవడానికి పనికొస్తుందని గార్డనరే చెబుతాడు. పిల్లల మీద ముద్రలు వేయొద్దనీ, దీన్ని 'నేర్చుకునే శైలులు' అనే మాటతో కలిపేయొద్దనీ పదే పదే చెప్పాడు. మన శిక్షణల్లో ఆ రెండింటినే కలిపి బోధిస్తారు. ఫలానా శైలి పిల్లకి ఫలానా పద్ధతిలోనే చెబితే బాగా వస్తుందనడానికి తగిన రుజువు లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం అధ్యయనాలన్నీ వడపోసి తేల్చింది కూడా. కాబట్టి వాకిళ్ళు తెరవండి. అందరికీ తెరవండి. లోపలికొచ్చాక అందరూ అదే నట్టింటికి చేరాలి.

ఇది ఎట్లా ఉంటుందో ఇంకో బడిలో చూశాం. ఏడో తరగతి లెక్కల టీచరమ్మ భిన్నాలు చెప్పడానికి డప్పు తెప్పించింది. ఒక చుట్టుకి నాలుగు దెబ్బలు. ఒకటి ఆపితే ముప్పావు, రెండాపితే సగం. డప్పు ఇంటి పిల్ల కొట్టింది, తరగతంతా బల్లలమీద తట్టింది, రెడ్ల పిల్లలూ తట్టారు. ఎనిమిది దెబ్బల దరువుకి వచ్చేసరికి రెండు ఎనిమిదో వంతులూ ఒక పావూ ఒకటేనని ఎవరూ చెప్పకుండానే వినబడింది. టీచరమ్మ అక్కడితో ఆపలేదు. డప్పు కొట్టిన పిల్లనే బోర్డు దగ్గరికి పిలిచి, "ఇప్పుడు కొట్టింది రాయమ్మా" అంది. పిల్ల రెండు సార్లు తప్పు రాసింది, మూడోసారి సరిగ్గా రాసింది. ఆ రాయించడం దగ్గర పీరియడ్‌లో సగం పోయింది. పోనీయండి, మేం అడుగుతున్నది ఆ సగమే.

ఉపాధ్యాయ మిత్రులకూ, బి.ఇడి. చదువుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక పని. మీ బడిలో అట్లాంటి చార్టు ఉంటే, ఏ రెక్కలో ఏ వాడ పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కగట్టండి. పిల్లల పేర్లు, బడి పేరు రాయొద్దు, అంకెలు చాలు. దేహం, సంగీతం రెక్కల్లో ఉన్నవాళ్ళలో ఎంతమంది తమ తరగతి వాచకం తడబడకుండా చదవగలరో కూడా కూర్చోబెట్టి చూడండి. ఆ లెక్కలు పత్రికకు పంపండి.